తల్లిగారి ఊరి మీదికెల్లి

మా సారు నా తల్లిగారి ఊరు చూడలే. పెండ్లయి ముప్పై ఏండ్లు దాటినంక కూడ చూడలే. చూద్దామంటే ఊరు ఉంటె గద. మంచాలకట్ట చుట్టుపక్కల కృష్ణ ఒడ్డుకున్న ఊర్లల్ల మాదొకటి. శ్రీశైలం డ్యాము నీళ్లు ఎనకకు తన్ని పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలల్ల వంద ఊర్ల దాకా మునిగినయి. 1981ల అందరితోని పాటు మా ఊరు సుత పోయింది. అప్పటికి నేను చిన్నపిల్లను. మా పెండ్లి పెంట్లవెల్లి దిక్కు కాలనీల, రేకుల ఇంటి ముందట పందిరేసి చేసిన్రు. కొత్త అల్లుడు వచ్చిండంటే ఊరంత ఎగవడి చూస్తది. మా సారును చూడనీకి వచ్చినోళ్లల్ల సగం మంది బస్సులెక్కి వచ్చిన్రు. ఊరు ఒక్కకాడ దిగలే గద. కొందరు కొల్లాపూర్ల, కొందరు వనపర్తిల, ఇంకొందరు పట్నం పోయి కూలి పనులల్ల పడ్డరు.

దేవుండ్లను మాత్రం మంచిగ తెచ్చుకున్నం. సోమశిల గుడి రాళ్లను విప్పి, ఒడ్డు మీదికి తెచ్చి, మళ్ల పేర్చి కట్టిన్రు. జటప్రోలు మదనగోపాలస్వామి అట్లనే పైకొచ్చిండు. కూడవెల్లి సంగమేశ్వరుడు ఆలంపురం చేరిండు. మనుషులం మేము దూలాలు, దర్వాజలు, రోలు, తిరగలి ఎడ్లబండ్ల మీద ఏసుకొని వచ్చినం. మునిగిన ఇంటికొక కొలువియ్యాలని 1986ల వచ్చిన 98 జీవో నకలు మా నాయిన పెట్టెల ఉంటుండె. ఆయన పోయినంక గూడ ఆ కాయితం అట్లనే మడత పెట్టి ఉంది.

ఎండకాలం నీళ్లు బాగ తగ్గిన ఏడు మా దిక్కు ఊర్ల మొండిగోడలు తేల్తయి. జనం పోయి చూసుకొని, కొబ్బరికాయ కొట్టి వస్తరు. బురద ఆరిన జాగల పంట కూడ ఏస్తరు. మా అవ్వ మమ్మల్ని పోనిచ్చేది కాదు. "పూడ్చిపెట్టిన మనిషిని మళ్ల తవ్వి చూస్తరానె?" అనేది. ఆమె మాట దాటలే. మా సారు లెక్కల సారు. ఎండకాలమంటే ఆయనకు పేపర్లు దిద్దే కాలం. గట్ల ఏండ్లు గడిసినయి. ఇంట్ల ఎప్పుడన్న నేను "మా ఊర్ల గిట్ల ఉండె" అని మొదలు వెడితే ఆయన ఊఁ కొట్టి పేపరు తిప్పుతుండె. నేను కోపం చేసుకోలే. చూడని ఊరు ఎంత చెప్పినా ఎట్ల ఆనుతది కండ్లకు?

ఆయన రిటైరయినంక, అవ్వ పోయి ఏడాది దాటినంక, నేనే అడిగిన. సంక్రాంతి పండుగకు సింగోటం జాతరకు పోదాం, ఆడికెల్లి పడవల మా ఊరి మీదికెల్లి సోమశిలకు పోదాం, సోమశిలల లాంచీ ఎక్కి శ్రీశైలం, శ్రీశైలం కింద మళ్ల లాంచీ ఎక్కి సాగర్ దాక పోదాం అన్న. మా సారుది దేవరకొండ దిక్కు. ఆయన పుట్టింది సాగర్ల. అంటే నా ఊరికాడ ఎక్కి ఆయన ఊరికాడ దిగుడు. ఆయన మ్యాపు ముందలేసుకొని ఎంతసేపో చూసి, "నడువు" అన్నడు.

మా ఆడబిడ్డ ఒప్పలే. 2007 జనవరిల మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైనే పాణాలు పోయినయి. ఆ సంగతి మా రెండు దిక్కులల్ల ఎవ్వరు మరవలే. మా కాలనీల సుత ఆ రోజు ఏడ్వని ఇల్లు లేకుండె. అందుకే మొదలే ఒట్టు పెట్టుకున్నం. మనుషులు ఎక్కువైతే ఎక్కేది లేదు, గాలి లేస్తే దిగుడే, జాకెట్టు ఏసుకోకుండ అడుగు పెట్టేది లేదు. మా ఆడబిడ్డకు ఫోను చేసి జాకెట్లు తొడుక్కున్న ఫోటో పంపినంకనే ఆమె మనసు కుదురుకున్నది.

సింగోటంల లక్ష్మీనర్సింహస్వామిని మొక్కుకొని, చెరువు కట్ట మీద రేగువండ్లు కొనుక్కొని, చీకటయ్యేసరికి మా చిన్నాయినోళ్ల ఇల్లు చేరినం. చిన్నమ్మ అనపగింజల కూర చేసింది, నువ్వులద్దిన సజ్జరొట్టెలు కొట్టింది. పొద్దుగాలకు సద్ది కూడ ఆ రొట్టెలే. పుష్యమాసం చలి. మా చిన్నాయిన తన నల్లగొంగడి తెచ్చి అల్లుని భుజమ్మీద కప్పిండు. "నీళ్ల మీద చలి ఏరేగ ఉంటది అల్లుడా, నీ స్వెట్టరు ఆగదు" అన్నడు. నిజంగనే ఆగలే. ఆ గొంగడి మంచుకు తడిసి గొర్రె వాసన కొడుతుంటె కూడ ఆయన సాగర్ దాక దాన్ని ఇడువలే.

తెల్లారి ఒడ్డుకు పోయేసరికి మంచు కమ్ముకొని నీళ్లేడ, ఒడ్డేడ తెలుస్తలేదు. పుట్టీలు బోర్లేసి ఉండె. పాతకాలంల పుట్టికి తోలు కప్పేటోళ్లట. నేను చూసినప్పటి నుంచి వెదురుబద్దల అల్లిక మీద యూరియా సంచులు పరిచి, తారు పూసుడే. ఆడ ఒకాయన రాతి పొయ్యి మీద డబ్బల తారు కాగవెట్టి, గుడ్డ చుట్టిన కట్టెతోని పుట్టి అడుగుకు రుద్దుతుండె. చిల్లి ఉందో లేదో చూడనీకి పుట్టిని సూర్యుని దిక్కు ఎత్తి, లోపలికి తలవెట్టి చూస్తరు. చిల్లుంటె ఎలుతురు సూదిమొనంత పడుతది. మా సారు గూడ తల లోపల వెట్టి చూసి, "ఒకటుంది" అని ఏలు పెట్టి చూపిచ్చిండు. తారు పూసేటాయన నవ్వి ఆడ ఇంకో పూత ఏసిండు.

మా పడవ ఇంజను పడవ. నడిపేటాయన మా ఊరి బెస్తోళ్ల పిలగాడు. పిలగాడంటే నాకన్న రెండేండ్లు చిన్నోడు, తాత అయిండు. ఊరు ఉన్నప్పుడు మా ఇంటి ముందటి చింతచెట్టు కింద ఆడుకున్నోడే. నన్ను అక్కా అంటడు, మా సారును బావా అంటడు. మేమిద్దరం, ఆయన, ఆయన మనుమడు. ఇంకెవ్వరిని ఎక్కించలే.

కొంతదూరం పోయినంక ఇంజను ఆపిండు. మంచు పల్చవడ్డది. చుట్టూ నీళ్లే. ఒడ్డు చాన దూరం. నేనైతే ఏం గుర్తుపట్టలే. కొండల వరుసలు చూసి తెలుసుకుందామంటే, చిన్నప్పుడు కింద నిలవడి చూసిన కొండ, ఇప్పుడు అంత ఎత్తున నీళ్ల మీద కూసొని చూస్తే ఆనవాలు పట్టనిస్తదా?

"ఎట్ల తెలుసురా నీకు ఇదే ఊరని?" అన్న.

"వల చెప్తదక్కా" అన్నడు. ఊరు మీద వల ఏస్తే చిక్కుతది. ఏడేడ చిక్కుతదో వాళ్లకు అన్నీ ఎరుకే. ఇక్కడ బురుజు రాళ్లు, అక్కడ చావిడి కంబం, ఇంకొంచెం అవతల హనుమాండ్ల గుడి కట్ట అని, వలలు చినిగి చినిగి ఊరు మొత్తం వాళ్లకు మళ్ల కండ్లకు కట్టిందట. కొత్తగ చేపలు పట్టనీకి వచ్చినోళ్లకు గూడ వీళ్లు అట్లనే చెప్తరట. "బొడ్రాయి కాడ ఎయ్యకు, పీర్ల మకానం దాటినంక ఎయ్యి" అని. ఊరు చూడని పిల్లలు గూడ నీళ్ల మీద ఆ పేర్లు అంటున్నరు. పక్కన కూసున్న మనుమడు ఏలు చాపి, "గాడ మీ ఇల్లు జేజి" అన్నడు. పదేండ్ల పోరడు. నాకు నోట మాట రాలే.

పడవను అటు జరిపి నిలిపిన్రు. మా సారు తాడు అడిగిండు. ఒక రాయికి కట్టి మెల్లగ ఇడిసిండు. ఆనింది. తాడు పైకి గుంజుకుంట చేతులు బార్ల చాపి కొలిసిండు. మూడు బారలు. "ఇంతేనా" అన్నడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మారింది. ఇన్నేండ్ల సంది ఆయన మనసుల మా ఊరు పాతాళంల ఉండొచ్చు. మూడు బారల కింద మా ఇంటి కట్ట ఉందనేసరికి మనిషి కూసున్నకాడికెల్లి కదల్లే. రాయికి అంటుకొచ్చిన నల్లమట్టిని ఏళ్లతోని నలిపి చూసిండు. మెత్తటి ఒండ్రు. ఆ మట్టి కింద మా అవ్వ అలికిన వాకిలి.

అప్పుడు పడవ నడిపే తమ్ముడు ఒక పని చేసిండు. తాగనీకి తెచ్చుకున్న చెంబు ఖాళీ చేసి, ఆడనే పడవ పక్కకు వంగి నీళ్లు ముంచిండు. రెండు చేతులతోని మా సారు ముందట పట్టిండు. "బావా, ఊరికొచ్చినవు గద, కాళ్లు కడుక్కోండ్రి" అన్నడు.

మా దిక్కు అల్లుడు గడప కాడికొస్తే బామ్మర్ది చెంబు ఇయ్యాలె. కాలనీల పెండ్లినాడు ఎవరిచ్చిన్రో నాకు యాదికి లేదు. ఇచ్చే ఉంటరు, బోరింగు నీళ్లు. మా సారు చెప్పులు ఇడిసి, ప్యాంటు పైకి మడిసి, పడవ అంచు మీద కూసొని కాళ్లు బయటికి పెట్టిండు. తమ్ముడు పోసిండు. మనుమడు తువ్వాల ఇచ్చిండు. ఎవ్వరం ఏం మాట్లాడలే. తర్వాత మా సారు నాదిక్కు చూసి, "మీ ఇంటి దర్వాజ ఏ దిక్కుకుండె?" అన్నడు. ముప్పై ఏండ్లల్ల ఆయన నా ఊరు గురించి అడిగిన మొదటి మాట అది. తూర్పుకు అని చెప్పిన. చెప్పుకుంట ఏడ్సిన. ఏడ్సుకుంటనే చానా చెప్పిన.

సద్ది ఆడనే ఇప్పినం. సజ్జరొట్టె, పల్లికారం. మా ఇంట్ల కూసొని తిన్నట్టే అనిపిచ్చింది నాకు. మొదటి ముద్ద నీళ్లల్ల ఇడిసిన, అవ్వకు, నాయినకు.

అక్కడికెల్లి సోమశిల దిక్కు పోతుంటె సంగమేశ్వరం కాడ గుడి శిఖరం కొస మాత్రం నీళ్ల మీద కనపడ్డది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి అని ఏడు నదులు ఆడ కలుస్తయంటరు. అండ్ల భవనాశి ఒక్కటే మగ పేరున్న నది. ధర్మరాజు పెట్టిండంటరు, లోపల వేపకట్టె లింగం ఉంది. నెలల తరబడి నీళ్లల్ల నాని, ఎండకాలం బయటికొస్తది, అయినా చెదలు పట్టలే. నీళ్లు ఎక్కే ముందు పూజారి శిఖరానికే ఆఖరి పూజ చేసి వస్తడు. మా సారు ఇవన్ని తెలిసినాయనే. గని ఆ రోజు నన్ను చెప్పమన్నడు. నేను చెప్తుంటె కొత్తగ ఇన్నట్టు ఇన్నడు.

సోమశిలల లాంచీ పెద్దది. పైన కూసొనే జాగ ఉంది, మైకుల పాటలు ఉన్నయి, చిప్స్ పాకిట్లు ఉన్నయి. పట్నం నుంచి వచ్చిన పిల్లలు సెల్ఫీలు దిగుతున్నరు. మాకు అదేం పట్టలే. మా సారు సంచిల నుంచి లాంగ్ నోట్‌బుక్కు, పెన్సిలు తీసిండు. నడి పేజీల ఒక గీత గీసి "ఇది కృష్ణ. ఉత్తరం పైకి. చెప్పు, రేవుల దిగితే మొదలు ఏమొస్తది?" అన్నడు.

అట్ల మొదలైంది. రేవు, రేవు మీద బెస్తోళ్ల ఇండ్లు, ఎడమకు తిరిగితే కమ్మరి కొలిమి, దాని ముందట బండి గిల్లలు కాల్చే గుంత. బొడ్రాయి. పీర్ల మకానం. మొహర్రంల అలావు తవ్వే జాగ. చావిడి. చావిడి ముందట పంచాయతీ రేడియో పెట్టె. ఊరి బాయి. బడి, బడంటే ఒక్క కొట్టం, దూలానికి ఏలాడదీసిన రైలు పట్టా ముక్కే గంట. నేను చెప్పుకుంట పోతుంటె ఆయన గీసుకుంట పోయిండు. చెరిపిండు, మళ్ల గీసిండు. "కొలిమి నుంచి బొడ్రాయికి ఎన్ని అడుగులు?" అంటడు. పిల్లప్పటి అడుగులు నాయి. ఎట్ల చెప్పాలె? "ఒక్క ఊపిరిల ఉరికేదాన్ని" అన్న. దాన్ని గూడ ఎట్లనో లెక్కగట్టి గీత గీసిండు.

ఎడమచేతికి తెలంగాణ ఒడ్డు, కుడిచేతికి ఆంధ్ర ఒడ్డు. అమరగిరి దాటినం, చీమలతిప్ప దాటినం. ఒడ్డెంబడి చేపలోళ్ల గుడిసెలు, ఆరబెట్టిన వలలు. ఎల్లూరు దిక్కు కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు ఈ నీళ్లనే తోడి పైకి పంపుతయి. మా పాలమూరు ఎండిన ఊర్లల్ల ఇప్పుడు వరి కనవడుతుందంటే ఈ నీళ్లే. అది చూసి నాకు సంతోషం అయితది, నిజంగ అయితది. మా ఊరు పోయి ఎవరికి ఏం రాలేదంటే ఇంక ఎక్కువ బాధ అయ్యేది.

నల్లమల దగ్గరికొచ్చినకొద్ది కృష్ణ సన్నవడ్డది. రెండు పక్కల గోడలు కట్టినట్టు బండలు లేసినయి. ఎండ ఆ సందులకెల్లి నీళ్ల మీదికి దిగింది. వెదురు పొదలు, నల్లమద్ది చెట్లు, ఏడనో ఒక నెమలి అరుపు. ఇది అమ్రాబాద్ పులుల అడవి, చెంచుల అడవి. లాంచీల వచ్చిన ఒక ముసలాయన మల్లన్న మా చెంచుల అల్లుడని, ఆయనకు అడవిల మర్యాద ఎట్ల చేసేటోళ్లో పెద్దగ చెప్తుండె. మా సారు గొంగడి సరిచేసుకొని, "నాకు ఇయ్యాల అయింది మర్యాద" అన్నడు మెల్లగ, నాకొక్కదానికి ఇనపడేటట్టు.

అక్కమహాదేవి గుహల కాడ మా లాంచీ ఆగలే, పోతపోతనే చూసినం. కొండ నడుమల నుంచి తెరుచుకున్న బండ నోరు, దాని ముందట రాతి తోరణం. పన్నెండో శతాబ్దంల కన్నడ దేశం ఉడుతడి నుంచి మల్లికార్జునుడే తన మొగుడని ఒక్కతే నడిచివచ్చిన ఆడమనిషి ఈ అడవిల ఉన్నదంటే నేను రెండు చేతులెత్తి మొక్కిన. పాతాళగంగల దిగినంక రోప్‌వేల పైకి పోయినం. మెట్లు ఎక్కాలంటే మా సారు మోకాళ్లు ఒప్పలే. మల్లన్న దర్శనం, సత్రంల రాత్రి. ఆ రాత్రి గురించి చెప్పనీకి ఏం లేదు, అలిసి పండుకున్నం.

తెల్లారి ఘాటు దిగి లింగాలగట్టు పోయినం. డ్యాముకు కింద. అక్కడికెల్లి సాగర్ లాంచీ. తలెత్తి చూస్తే పన్నెండు గేట్ల డ్యాము మీద పడేటట్టు ఉంటది. నేను దాన్ని అంత దగ్గరికెల్లి చూసుడు అదే మొదలు. మా ఇండ్లల్ల వానకాలం వచ్చిందంటే డ్యాము నిండు మట్టం 885 అడుగులు అనే అంకె అందరి నోట్ల ఉంటది. డ్యాము నిండితే టీవీల గేట్లు లేపుడు చూపిస్తరు, జనం సంబురపడ్తరు. మా అవ్వ మాత్రం టీవీ బందు చేసేది. నేను ఆ గేట్లను చూసుకుంట ఉండిపోయిన. మా సారు నా భుజం పట్టుకొని లాంచీల కూసోవెట్టిండు.

ఇగ ఆ రోజు ఆయన వంతు. మా ఇద్దరి నడుమ ఒక పాత ముల్లు ఉండె. మా మామ సాగర్ కట్టనీకి రాళ్లు మోసిన మనిషి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి ఏసిన డ్యాము, 1967 ఆగస్టుల ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లిడిసిన డ్యాము. పండుగకు చుట్టాలు కూడితే మామ ఆ ముచ్చటే చెప్పేటోడు. వెదురు పరంజల మీద వరుసగ నిలవడి రాళ్లు ఎట్ల అందిచ్చుకున్నరు, పైలాన్ కాలనీల షెడ్లల్ల ఎట్ల బతికిన్రు, ఎన్ని జిల్లాల మనుషులు ఎన్ని భాషలు మాట్లాడిన్రు. ఆయన గొప్పగ చెప్పేటోడు, గొప్పే అది. నేను వంటింట్లకు పోయేదాన్ని. డ్యామన్న మాట ఇంటే నాకు ఎడ్లబండి మీద మా రోలు కనవడేది. మామ అది చూసిండో లేదో తెల్వదు గని, మా సారు చూసిండు. ఏమనలే ఎన్నడు.

లాంచీల అన్నడు. "మా నాయిన రాళ్లు మోసిండు గని నీళ్లు మాకు రాలే" అన్నడు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పోయి ఆ ఊర్లను పచ్చగ చేసింది. ఎగువకున్న దేవరకొండ దిక్కు ఊర్లకు ఎక్కలే. సాగర్ పని అయిపోయినంక మామ తన ఊరికి తిరిగొచ్చి మళ్ల వాన కోసం మొగులు దిక్కు చూసుకుంట సజ్జలు, ఆముదాలు ఏసిండు. చుట్టుపక్కల బోర్ల నీళ్లల్ల ఫ్లోరైడు. మర్రిగూడ, మునుగోడు దిక్కు వంగిన కాళ్ల పిల్లలకు మా సారు పాఠాలు చెప్పిండు. పుట్టంగండి కాడ నీళ్లు ఎత్తి పోసేది ఎంతకాలానికో వచ్చింది. "మా నాయిన గొప్పగ చెప్పింది, చెప్పుకోనీకి అదొక్కటే ఉండె కాబట్టి" అన్నడు. ఈ మాట ఆయన నాకు ముందే చెప్పి ఉంటే, నేను మామ ముచ్చట్లు కూసొని ఇందును. ఆయన బతికి ఉండంగ అడగాల్సిన సంగతులు ఎన్నో ఉండె. పరంజ మీద కాలు జారకుండ ఏం కట్టుకునేటోళ్లు, ఆడోళ్లు పిల్లలను ఏడ పండవెట్టేటోళ్లు.

కొండలు దూరం జరిగినకొద్ది నీళ్లు మళ్ల సముద్రం అయినయి. నీటికాకులు రెక్కలు ఆరవెట్టుకుంట మొండిచెట్ల మీద కూసున్నయి. ఒక బండ మీద మొసలి నోరు తెరుచుకొని ఎండ కాగుతుంటె లాంచీల పిల్లలంత ఒక్కదిక్కు ఉరికిన్రు, నడిపేటాయన మైకుల కేకేసి కూసోవెట్టిండు. ఏలేశ్వరం గట్టు వచ్చింది. పాత ఏలేశ్వరం గూడ మునిగిన ఊరే. గట్టు మీద గుడి మిగిలింది, శివరాత్రికి జనం పడవలల్ల పోతరు. నేరేడుగొమ్ము దిక్కు ఒడ్డున వైజాగ్ కాలనీ, ఎక్కడి సముద్రపోళ్లో చేపల కోసం వచ్చి నిలిచిన ఊరు. ఊర్లు పోయిన నీళ్ల మీదికి ఊర్లు వచ్చినయి. మా సారు ఏలేశ్వరం కాడ ఇంకొక పేజీ తిప్పి దాన్ని గూడ గీసుకున్నడు.

నాగార్జునకొండ దాటేటప్పుడు పొద్దు వాలింది. 1954 నుంచి 1960 దాక లోయంత తవ్వి, ఇక్ష్వాకుల విజయపురిల దొరికిన కట్టడాలు కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు చేర్చిన్రు. తర్వాత లోయ మునిగింది, కొండ దీవి అయింది. మేము పెండ్లయిన కొత్తల మ్యూజియం చూసినం గని, అప్పుడు బొమ్మలు చూసి వచ్చినమంతే. మహాచైత్యాన్ని, అంటే ఆడి పెద్ద బౌద్ధ స్తూపాన్ని, కట్టిచ్చింది రాజులు కాదు, చాంతిసిరి అనే ఇంటి ఆడబిడ్డ, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని మేనత్త. ఆమె శాసనం మిగిలింది. మా ఊర్ల కొలిమి ముందట ఎవరు కూసునేటోళ్లో ఏ రాయి మీద రాసిలేదు. అందుకే మా సారు నోట్‌బుక్కు నాకు అంత ముద్దయింది.

సాగర్ల నందికొండ జెట్టీల మా ఆడబిడ్డ నిలవడి ఉండె. మమ్మల్ని మాట్లాడనీయకుండ ముందుగాల ఇద్దరి చేతులు పట్టుకొని చూసింది, నిజంగనే వచ్చినమా అని. ఆమె ఇంట్ల సకినాలు, కొర్రమట్ట పులుసు. తినుకుంట మా సారు ఆమెకు నోట్‌బుక్కు ఇప్పి చూపిచ్చిండు. "ఇది మా అత్తగారి ఊరు" అన్నడు. ఆ మాట అన్న తీరు నేను మరవలేను. ఇన్నేండ్లు "మీ వాళ్ల ఊరు" అనేటోడు.

ఆ మ్యాపును ఆయన తర్వాత డ్రాయింగు షీటు మీద పెద్దగ ఏసిండు. కొల్లాపూర్ల జిరాక్సులు తీయించి, కాలనీలకు పోయినప్పుడల్ల పంచినం. ఇండ్లల్ల గోడకు అంటిచ్చుకున్నరు. ముసలోళ్లు అద్దాలు పెట్టుకొని ఏలుతోని తడుముకుంట వాళ్ల ఇల్లు ఎతుక్కున్నరు. తప్పులు బాగనే దొరికినయి. కొలిమి కుడిపక్కకట. మా గల్లీల ఒక ఇల్లు నేను మొత్తానికే మరిసిపోయిన, ఆ ఇంటామె మూడునెల్లు నాతోని మాట్లాడలే, మళ్ల ఏసిచ్చినంకనే మాట్లాడింది. పట్నంల కూలికి పోయిన ఒకాయన ఫోను చేసి రేవు మెట్లు ఎన్ని ఉండెనో చెప్పిండు. ఒక పెద్దమ్మ గుడి ముందటి గన్నేరు చెట్టు ఎందుకెయ్యలేదని గట్టిగనే అడిగింది. మా సారు ప్రతి మాటను తారీఖు ఏసి రాసుకుంటడు. దిద్దిన మ్యాపు మళ్ల జిరాక్సు తీపిస్తడు.

ఇప్పుడు ఒక్కటే తెగుతలేదు. ఊరి బాయి. మా చిన్నాయిన పీర్ల మకానానికి పడమరన్నడు. పడవ తమ్ముడు తూర్పే, వల ఆడనే చిక్కుతదన్నడు. నాకు తూర్పనే యాది, గని చిన్నాయిన నాకన్న పెద్దోడు. మా సారు పెన్సిలుతోని రెండుచోట్ల చుక్కలు వెట్టి పెట్టిండు. 1981కి ముందు మంచాలకట్ట దిక్కు పడవ దిగి, ఆ బాయిల నీళ్లు తాగినోళ్లు ఎవరన్న ఇది చదివితే ఒక్క మాట చెప్పుండ్రి. రెండు గిరకలు ఉండె దానికి. ఒకటి సప్పుడు కాకుండ తిరిగేది, ఇంకొకటి ఊరంతకు ఇనపడేటట్టు కీచుమనేది.